అచ్చువేయించే పోస్టుకార్డు కింది అంచులో బొమ్మ ఉండవచ్చా?

నమస్కారం. మా బృందం గీసిన బొమ్మలతో పోస్టుకార్డులు అచ్చువేయించి, కొన్నింటిని విదేశాలకు కూడా పంపాలనుకుంటున్నాం. కొలతల సంగతి తేలిపోయింది. అంతర్జాతీయ తపాలా నిబంధనల ప్రకారం కార్డు 90 × 140 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 120 × 235 దాటకూడదు. మేం ఎంచుకున్న ఏ6 (105 × 148) అందులో చక్కగా ఇముడుతుంది. చిరునామా వైపు కుడి సగం చిరునామాకూ స్టాంపుకూ వదిలేశాం.

చిక్కంతా కింది అంచు దగ్గరే. ఉత్తరాలను వేరుచేసే యంత్రాలు అక్కడ బార్‌కోడ్ ముద్రిస్తాయి కదా. మా నమూనాలో లేత ఆకుపచ్చ తీగ ఒకటి ఎడమ మూలలో మొదలై, ఆ అంచు వెంబడే సాగి, చిరునామా చివరి గీత కిందికి వస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన భాగం అది. అంత లేత రంగైతే యంత్రానికి అడ్డు రాదా? లేక పూర్తిగా తెల్లగా వదలాల్సిందేనా? వదిలితే ఎంత ఎత్తు?

ఇంకొకటి. చిరునామా వైపు మెరుపు పూత ఉంటే సిరా ఆరక చెదిరిపోతుందని, బొమ్మ వైపు మాత్రమే వేయమన్నాం. ఒకవైపే వేస్తే కార్డు వంగుతుందని ప్రెస్సువారు అంటున్నారు. చదరపు మీటరుకు 300 గ్రాముల అట్ట అయినా వంగుతుందా? ఇలాంటివి అచ్చువేయించి పోస్టు చేసినవారు దయచేసి చెప్పండి.