ఫ్రంట్ ఎండ్ వదిలేసి ఇంటర్‌ఫేస్ డిజైన్‌కి మారడం తెలివైన పనేనా?

పటమట కుర్రాడు
ఐదేళ్లుగా ఫ్రంట్ ఎండ్‌లో, అంటే వాడేవాళ్లకి కనబడే స్క్రీన్లకి రియాక్ట్ అనే టూల్‌తో కోడ్ రాసే పనిలో ఉన్నాను. డిజైనర్ ఫిగ్మాలో (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) గీసి పంపిన ఫైల్‌ని ఉన్నది ఉన్నట్టు కోడ్‌లోకి దించడమే నా ఉద్యోగం. దించుతుండగానే ఎక్కడ తేడా కొడుతుందో తెలిసిపోతుంది. చెబితే ‘డిజైన్ ఫ్రీజ్ అయిపోయింది, ఇక మార్చం’ అంటారు. అందుకే అటే పోదామనుకుంటున్నాను. ఇంట్లో మాత్రం చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి బొమ్మలు గీస్తావా అని ఒకటే గోల. మీరేమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను
ఇంట్లోవాళ్ల మాటే వినండి తమ్ముడూ. మా టీములో డెవలపర్లు పదిమంది పైనే, డిజైనర్ ఒక్కడే. ఉద్యోగాల లెక్క అక్కడే తెలిసిపోతోంది. మారిన రోజున మీ ఐదేళ్లనీ సగానికి కోసి జీతం చెబుతారు. పైగా 2025లో ఫిగ్మావాళ్లే ‘మేక్’ తెచ్చారు, ఏం కావాలో మాటల్లో చెబితే స్క్రీన్ తయారు చేసి పెడుతోంది.

అమరావతి రోడ్డు
డిజైన్‌కి విలువ లేకపోతే 2022లో సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబ్ 2,000 కోట్ల డాలర్లు పెట్టి ఫిగ్మాని కొనడానికి ఎందుకు ఒప్పుకుంది?

బ్రాడీపేట నాలుగో లైను
ఆ బేరం 2023 డిసెంబరులో రద్దయింది. అయినా అది సాఫ్ట్‌వేర్ ధర. దాన్ని వాడేవాడి జీతం కాదు.

కృష్ణలంక అక్క
నేను కోడ్ నుంచే డిజైన్‌కి వచ్చాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కోడ్ వచ్చినవాళ్లకి కొన్ని ముందే కనబడతాయి, నిజమే. ఇంగ్లీషు అక్షరాలు చూసి గీసిన బటన్‌లో తెలుగు పెట్టగానే పైన గుడి, కింద వత్తు తెగిపోతాయి. లైన్ హైట్ (అక్షరాల వరసకిచ్చే ఎత్తు) పెంచాలని నీకు వెంటనే తడుతుంది. కానీ అది మరమ్మతు, డిజైన్ కాదు.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి లెక్కల యాప్ చేశాం. రైతు పేరు, తూకం, రేటు, ఇలా వరసగా గడులు. గుమాస్తా మాత్రం అంతా చీటీ మీద రాసుకుని, సాయంత్రం తీరిగ్గా యాప్‌లో ఎక్కించేవాడు. పక్కన కూర్చుని చూస్తే అర్థమైంది: రేటు కుదిరేటప్పటికి అతని దగ్గర ఉండేది టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఒక్కటే. కాటా తర్వాతెప్పుడో వేస్తారు. మేమేమో తూకం నింపితే గానీ సేవ్ కాకుండా కట్టడి చేశాం! ఆ వాలిడేషన్ నువ్వు పొల్లు పోకుండా రాస్తావు తమ్ముడూ. ఆ గడి అక్కడ అవసరమా అని నీకు అనుమానం వస్తుందా? వస్తే రా. ఫ్రీజ్ బాధ తప్పించుకోవడానికైతే వద్దు. ఇటువైపు క్లయింటు ఫ్రీజ్ చేస్తాడు, అంతే తేడా.

బ్రాడీపేట నాలుగో లైను
అక్కా, ఆ గుమాస్తా పక్కన డెవలపర్‌గా ఉండి కూర్చోకూడదా? దానికి ఉద్యోగం పేరే మారాలా?

కృష్ణలంక అక్క
కూర్చోవచ్చు. నేను డెవలపర్‌గా ఉన్నన్నాళ్లూ ఏ మేనేజరూ పంపలేదు.

అమరావతి రోడ్డు
మూడు నెలల్లో డిజైనర్‌ని చేస్తామనే ఇన్‌స్టిట్యూట్లకి డబ్బు పోయకండి. పద్ధతిగా చదవాలంటే ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ ప్రవేశ పరీక్ష రాసి ఎం.డిజైన్ చేయొచ్చు. కానీ ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు రెండేళ్లు జీతం వదులుకోవడం నా దృష్టిలో దండగ.

పటమట కుర్రాడు
మరి పోర్ట్‌ఫోలియోలో (చూపించే పని నమూనాల్లో) ఏం పెట్టాలి? ఆఫీసు పని బయట చూపించకూడదని సంతకం చేయించుకున్నారు.

కృష్ణలంక అక్క
బ్యాంకు యాప్‌కి కొత్త రంగులేసి పెట్టకు, అవి చూసీ చూసీ విసుగొచ్చింది. మీ వీధి మందుల షాపులో అరువు ఖాతా ఎలా రాస్తారో చూడు. దానికి నాలుగు స్క్రీన్లు గీసి, షాపతని చేతికిచ్చి, ఎక్కడ ఆగాడో రాయి. తర్వాత ఏం తీసేశావో, ఎందుకు తీసేశావో చూపించు. నేను ఇంటర్వ్యూలో అడిగేది అదే. కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా, మామూలు అక్షరాలకి కనీసం 4.5కి 1 ఉండాలని నీకు ఎలాగూ తెలిసే ఉంటుంది, దానికో పేజీ ఖర్చు చేయకు.

బ్రాడీపేట నాలుగో లైను
ఇదంతా శని, ఆదివారాల్లో చేసుకోండి. ఆఫర్ లెటర్ చేతికి రాకముందు మాత్రం రిజైన్ చేయకండి తమ్ముడూ. జీతం ఎంత తగ్గితే ఈఎంఐలు కట్టగలరో కూడా ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.