అగ్రిమెంట్ గడువు దాటిపోయింది, కొనేవాళ్ళు ‘వచ్చే వారం’ అంటూనే ఉన్నారు. ఏం చేయాలి?

పాత_ఫ్లాట్_ఓనర్:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా ఫ్లాట్ 82 లక్షలకు బేరం కుదిరింది. 8 లక్షలు అడ్వాన్స్ అకౌంట్‌లో వేశారు, స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకున్నాం, రిజిస్టర్ మాత్రం చేయించలేదు. మూడు నెలల్లో మిగతాది కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని అందులో ఉంది. ఆ మూడు నెలలు ఎప్పుడో అయిపోయాయి. ఫోన్ చేస్తే ‘బ్యాంకులో ఉందండీ, వచ్చే వారం అయిపోతుంది’ అంటారు. ఆ వచ్చే వారం వచ్చాక చేస్తే మళ్ళీ అదే మాట. మధ్యలో ఉన్న ఏజెంట్ బేరం కుదిరేదాకా పొద్దున సాయంత్రం తనే ఫోన్ చేసేవాడు, ఇప్పుడు మేం చేసినా ఎత్తడు.

ఫ్లాట్ మీద మా లోన్ ఇంకా ఉంది. ఖాళీగా ఉన్న ఫ్లాట్‌కి ఈఎంఐ, మెయింటెనెన్స్ రెండూ మేమే కడుతున్నాం. ఇది అమ్ముడుపోతుందన్న ధైర్యంతో పోయినేడాది కొత్త ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం, దానికి ఇంకో ఈఎంఐ. నెల మొదటి వారం వస్తోందంటేనే టెన్షన్.

ఇప్పుడు ఇంకో పార్టీ వచ్చింది, 80కి అడుగుతున్నారు, లోన్ అవసరం లేదట. మా ఆవిడైతే ‘వాళ్ళ అడ్వాన్స్ వాళ్ళ మొహాన కొట్టేసి వీళ్ళకి అమ్మేద్దాం’ అంటోంది. ఏజెంట్ ఒకసారి దొరికినప్పుడు ‘గడువు దాటింది కాబట్టి అడ్వాన్స్ మీదే సార్’ అన్నాడు. కొనేవాళ్ళేమో అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిందట, ‘రిజిస్ట్రేషన్ ఎలాగూ అవుతుంది కదా, ముందు తాళాలు ఇచ్చేయండి’ అంటున్నారు. మనుషులు మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు.

ఎవరైనా ఇలాంటిది దాటి వచ్చారా?

లోన్_కౌంటర్:

హోమ్ లోన్ల వైపు చాలా కాలం పనిచేశాను కాబట్టి చెప్తున్నా. ‘బ్యాంకులో ఉంది’ అనేది సమాధానం కాదండీ. బ్యాంకులో ఎక్కడ ఉంది? అది తెలియకుండా కోపం తెచ్చుకున్నా, ఓపిక పట్టినా ఒకటే.

ఫైల్ ఆగే చోట్లు పెద్దగా ఉండవు. బ్యాంకు లాయర్ దగ్గర లీగల్ ఒపీనియన్ ఆగితే మీ కాగితాల్లో ఏదో తక్కువైనట్టు: లింక్ డాక్యుమెంట్ (ఫ్లాట్ ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రం), ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్), ఇంటి పన్ను రశీదు, పేరులో తేడా. వాళ్ళ ఆదాయం దగ్గరో, సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చూపే స్కోరు) దగ్గరో ఆగితే మీకు ఎవరూ చెప్పరు, సిగ్గుపడి దాచేస్తారు. నాకు ఎక్కువ అనుమానం మాత్రం వాల్యుయేషన్ మీద.

లెక్క చూడండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 లక్షల పైన 75 లక్షల దాకా ఇచ్చే ఇంటి లోన్ ఆస్తి విలువలో 80 శాతం మించకూడదు. 82 లక్షల మీద 80 శాతం అంటే 65.6 లక్షలు వస్తుందని వాళ్ళు లెక్కేసుకుని ఉంటారు. కానీ బ్యాంకు పంపిన వాల్యుయర్ మీ ఫ్లాట్‌కి 72 లక్షలే రాశాడనుకోండి, లోన్ 57.6 దగ్గర ఆగిపోతుంది. అంటే 8 లక్షలు తక్కువ. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కూడా మామూలుగా ఆ విలువలో కలపరు, అవీ సొంత డబ్బే. ఇప్పుడు ఆ 8 లక్షల కోసం బంధువులను అడుగుతుంటారు, ఊళ్ళో ఏదో అమ్ముతుంటారు, మీతో మాత్రం ‘బ్యాంకులో ఉంది’ అంటారు.

కాబట్టి ఫోన్లు ఆపి, వాళ్ళతో కలిసి ఒకసారి బ్రాంచికి వెళ్ళండి. ‘లోన్ అప్లికేషన్ నంబరు చూపించండి, శాంక్షన్ లెటర్ ఉంటే చూపించండి, ఎంత శాంక్షన్ అయింది’ అని అడగండి. కస్టమర్ పక్కనే ఉంటే బ్యాంకువాళ్ళు మాట్లాడతారు. అసలు రావడానికే తటపటాయిస్తే మీకు కావాల్సిన సమాధానం అక్కడే దొరికింది.

ఇంకోటి, మీ లోన్ సంగతి. మీ బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో రాసిచ్చేది), వాళ్ళ దగ్గరున్న ఒరిజినల్స్ లిస్టు తీసుకున్నారా? కొనేవాళ్ళ బ్యాంకు అవి చూడకుండా చెక్కు ఇవ్వదు. ఆ లెటర్‌లో అమౌంట్ కొద్ది రోజులకే చెల్లుతుంది, వడ్డీ మారుతుంది కదా, కాబట్టి మరీ ముందు తీసుకున్నా దండగే. లోన్ మొత్తం కట్టేశాక ఒరిజినల్స్ 30 రోజుల్లోపు ఇచ్చేయాలి, బ్యాంకు తప్పు వల్ల లేటైతే రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలి. ఈ ఆర్‌బీఐ రూల్ 2023 డిసెంబర్ నుంచి ఉంది. చాలామందికి తెలియక నెలల తరబడి బ్రాంచి చుట్టూ తిరుగుతారు.

మూడో_అంతస్తు:

తాళాలు ఇవ్వకండి. మిగతాదంతా తర్వాత.

సామాను దిగిందంటే ఇక వాళ్ళకు తొందర ఏముంటుంది? ఇప్పుడు అద్దె ఇంటి ఓనర్ వాళ్ళ మీద ఒత్తిడి పెడుతున్నాడు, మీరు పిలిచి మరీ ఆ ఒత్తిడి తీసేస్తారు. రేపు బేరం చెడితే ఖాళీ చేయించడానికి మీరే కోర్టుకు వెళ్ళాలి, అప్పుడు వాళ్ళు ‘మేం అద్దెకు రాలేదు, కొనుక్కున్నాం’ అంటారు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకాయన ‘మంచివాళ్ళు కదా’ అని ఇచ్చాడు, రిజిస్ట్రేషన్ కాలేదు, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలనే గొడవ అసోసియేషన్ మీటింగుల్లో ఇప్పటికీ నడుస్తోంది.

80 పార్టీని మాత్రం వదులుకోవద్దు. ‘ఈ విషయం తేలాక చెప్తాం’ అని నిజం చెప్పండి. రెండు లక్షల తేడా అంటున్నారు గానీ మీరు నెలనెలా కడుతున్నదంతా కలిపి చూస్తే ఆ తేడా ఎంతోకాలం నిలబడదు.

నల్లకోటు:

అడ్వొకేట్‌ని. కాగితం చూడకుండా ఖచ్చితమైన సలహా ఇవ్వకూడదు, కానీ ఏజెంట్ చెప్పిన మాట మీద మాత్రం నడవకండి.

గడువు దాటగానే అగ్రిమెంట్ దానంతటదే చచ్చిపోదు. స్థిరాస్తి అమ్మకాల్లో గడువు అనేది మామూలుగా ఒప్పందానికి ప్రాణం కాదు అనేదే కోర్టులు మొదలుపెట్టే చోటు. 1993లో చాంద్ రాణి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే చెప్పింది. అయితే గడువు ముఖ్యమని అగ్రిమెంట్‌లో స్పష్టంగా రాసుకున్నా, పరిస్థితులను బట్టి అలా అర్థమవుతున్నా లెక్క మారుతుంది. మీ కాగితంలో ‘టైమ్ ఈజ్ ది ఎసెన్స్’ (అంటే గడువే ముఖ్యం) అనే షరతు ఉందా, గడువు దాటితే ఏమవుతుందో రాశారా, ముందు అది చూడండి. ఉన్నా సరే, గడువు దాటాక ‘సరేలెండి, వచ్చే నెల చూద్దాం’ అని మీరు పెట్టిన వాట్సాప్ మెసేజీలను పట్టుకుని గడువు మీరే పొడిగించారని వాళ్ళు వాదించుకోవచ్చు. ఇకపై అలాంటి మెసేజీలు పెట్టకండి.

రిజిస్టర్ కాలేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌తో కూడా ‘రిజిస్ట్రేషన్ చేయించండి’ అని దావా వేయొచ్చు. గడువు తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్ళ దాకా టైమ్ ఉంటుంది. డబ్బుతో తాము సిద్ధంగా ఉన్నామని వాళ్ళు నిరూపించుకోవాలి, అది వాళ్ళకు కష్టమే కావచ్చు. కానీ దావా పడితే చాలు, ఆ కేసు తేలేదాకా మీ ఫ్లాట్ జోలికి ఎవరూ రారు. 80 పార్టీ అందరికంటే ముందు పారిపోతుంది.

అడ్వాన్స్ విషయం. అందులో జప్తు షరతు లేకపోతే మొత్తం మింగేస్తామంటే కుదరదు. ఒప్పందానికి హామీగా ఇచ్చిన బయానా వేరు, ధరలో భాగంగా కట్టిన డబ్బు వేరు. మొదటిది కూడా షరతు స్పష్టంగా ఉంటేనే జప్తు చేసుకోవచ్చని, రెండోదాన్ని చేసుకోలేరని 2012లో సతీష్ బత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఈఎంఐలు, మెయింటెనెన్స్ లాంటి నష్టం చూపించి కొంత పట్టుకోవడం మాట్లాడుకుని తేల్చుకునే విషయం.

నేనైతే ఇలా చేయిస్తాను. లాయర్ నోటీసు పంపి, 30 రోజులు ఆఖరి గడువు ఇచ్చి, ఆ లోపు డబ్బు సిద్ధం చేసుకుని రిజిస్ట్రేషన్‌కి రాకపోతే అగ్రిమెంట్ రద్దు చేస్తున్నామని రాయడం. అదే నోటీసులో మీ వైపు అన్నీ సిద్ధంగా ఉన్నాయని కూడా రాయాలి, అది నిజమై ఉండాలి. ఒకవేళ వాళ్ళకు ఇంకొంత టైమ్ ఇవ్వాలని మీకే అనిపిస్తే అనుబంధ ఒప్పందం రాసుకోండి: కొత్త తేదీ, ఇంకొంత అడ్వాన్స్, ఆ తేదీ దాటితే ఎంత పట్టుకుంటారు, అగ్రిమెంట్ ఎలా రద్దవుతుంది. నోటిమాట మీద మాత్రం ఒక్కరోజు కూడా ఇవ్వొద్దు. రద్దయితే రద్దు పత్రం మీద ఇద్దరి సంతకాలు పడాలి, ఆ తర్వాతే రెండో పార్టీ దగ్గర రూపాయి తీసుకోండి.

కొన్నవైపు_నుంచి:

అందరూ అమ్మేవాళ్ళ వైపే మాట్లాడుతున్నారు, నేను ఇంకోవైపు నుంచి చెప్తా. మేం ఫ్లాట్ కొన్నప్పుడు ఇలాగే నెలలు పట్టింది, ఓనర్ గారు మమ్మల్ని మోసగాళ్ళలా చూశారు. అసలు కారణం ఏంటంటే ఆయన పేరు సేల్ డీడ్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది, అది కాక ఆయన ఎప్పుడో తీర్చేసిన పాత లోన్ తాలూకు తనఖా ఈసీలో అలాగే కనిపిస్తోంది. బ్యాంకు లాయర్ మళ్ళీ మళ్ళీ అదే అడుగుతాడు, మేం ఆయన్ని అడుగుతాం, ఆయన ‘నేను అమ్మినప్పుడు చూసుకుంటా’ అంటారు. ఇప్పుడు అమ్ముతున్నది మరి ఎవరికండీ!

మీ ఈసీ మీరే ఒకసారి తీసి చూసుకోండి. తప్పు వాళ్ళదే కావచ్చు, కానీ నోటీసు పంపాక ‘మీ కాగితమే సరిగ్గా లేదు’ అని వాళ్ళు తిప్పికొడితే మీకే ఇబ్బంది.

పాత_ఫ్లాట్_ఓనర్:

అందరికీ థ్యాంక్స్. తాళాలు ఇవ్వడం లేదు, చెప్పేశాను, కాస్త మొహం మాడ్చుకున్నారు.

లోన్_కౌంటర్ గారూ, మీరు చెప్పినట్టే బ్రాంచికి వెళ్దామన్నాను. మొదట రేపు, ఎల్లుండి అన్నారు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు, లోన్ శాంక్షన్ అయి చాలా రోజులైందట, అనుకున్న దానికంటే బాగా తక్కువ వచ్చిందట. మిగతాది వాళ్ళ బావగారు సర్దుతానన్నారట, ఆయన దగ్గర ఆలస్యమవుతోంది. ఈ ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే నేనూ కొంచెం సర్దుకునేవాడిని. మా ఈసీ చూశాను, ఇప్పుడున్న లోన్ తప్ప ఏమీ లేదు.

అగ్రిమెంట్‌లో ‘అడ్వాన్స్’ అనే ఉంది, జప్తు మాటే లేదు. ఇంకో రెండు నెలలు అడుగుతున్నారు. ఇవ్వాలా?

ఆడిటర్_అన్నయ్య:

ఇవ్వాలా వద్దా అనేముందు ఒక తేదీ చూడండి తమ్ముడూ, ఎవరూ అడగలేదు. కొత్త ఇల్లు పోయినేడాది కొన్నానన్నావు. ఏ నెలలో?

పాత ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను మినహాయింపు కావాలంటే కొత్త ఇల్లు కొన్నది, పాతది బదిలీ అయ్యే తేదీకి ముందు ఏడాదిలోపే అయి ఉండాలి. లేదంటే అమ్మాక రెండేళ్ళలోపు కొనాలి, కట్టుకుంటే మూడేళ్ళు. నువ్వు ముందే కొనేశావు కాబట్టి నీకున్నది ఆ ఏడాదే. రెండు నెలలు ఇస్తే ఆ ఏడాది దాటిపోతుందేమో చూసుకో. దాటితే కొత్తింటి పేరు చెప్పి మినహాయింపు అడగలేవు, లాభం మీద పన్ను కట్టాల్సిందే. 2024 జులై 23కు ముందు కొన్న ఫ్లాట్ అయితే ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, ఈ రెండు లెక్కల్లో తక్కువ వచ్చేది కట్టొచ్చు, అయినా చిన్న మొత్తం కాదు. 80కి అమ్మితే 2 లక్షలు పోతాయని చూస్తున్నావు, ఇక్కడ పోయేది అంతకంటే ఎక్కువ కావచ్చు.

అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాల్సి వస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వు. ఇల్లు, స్థలం అడ్వాన్సుల్లో 20,000 గానీ ఆపైన గానీ నగదుగా తీసుకోకూడదు, తిరిగి ఇవ్వకూడదు, బేరం చెడినా సరే. ఒకవేళ కొంత పట్టుకుంటే అది ఆ సంవత్సరం నీ ఆదాయంలోకి వస్తుంది. ఇంకో చిన్నది, 50 లక్షలు దాటిన ఆస్తి కదా, అడ్వాన్స్ ఇచ్చినప్పుడే 1 శాతం టీడీఎస్ (నీకిచ్చే డబ్బులోంచి పట్టుకుని నీ పేరున కట్టే పన్ను) వాళ్ళు కట్టి ఉండాలి. కట్టారో లేదో నీ పేరున జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో చూసుకో.

పాత_ఫ్లాట్_ఓనర్:

అన్నయ్యా, కొత్తిల్లు రిజిస్ట్రేషన్ తేదీ చూశాను. రెండు నెలలు ఇస్తే దాటిపోతుంది, ఒక నెల అయితే సరిపోతుంది, అదీ బొటాబొటిగా. ఈ సంగతి అసలు ఎవరూ చెప్పలేదు.

నల్లకోటు:

అయితే 30 రోజులకు మించి ఇవ్వొద్దు. ఆలోచించుకుంటూ కూర్చున్నా ఆ రోజులే ఖర్చవుతాయి, కాబట్టి నోటీసు ఈ వారంలోనే వెళ్ళాలి. బావగారి డబ్బు వస్తుందనే నమ్మకం వాళ్ళకు నిజంగా ఉంటే 30 రోజుల అనుబంధ ఒప్పందం మీద, జప్తు షరతుతో సహా, సంతకం పెడతారు. పెట్టకపోతే రద్దు పత్రం గురించి మాట్లాడండి. డబ్బు ఎప్పుడు తిరిగిస్తారో తేదీ వేసి రాస్తే చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ళకూ ఆ 8 లక్షలు కావాలి కదా.

మూడో_అంతస్తు:

80 పార్టీకి కూడా రిజిస్ట్రేషన్ తేదీ ముందే చెప్పండి. వాళ్ళు ‘వచ్చే వారం’ అనడం మొదలుపెడితే మళ్ళీ మొదటికొస్తుంది.