బెంగళూరు బేస్: రూట్లన్నీ లాభంలోనే, బ్యాలెన్స్ మాత్రం వారానికి 55 లక్షలు తగ్గుతోంది

మారతహళ్లి_ఎయిర్

అందరికీ నమస్తే. ఎయిర్‌లైన్ గేమ్‌లో నాది బెంగళూరు బేస్. మూడు ఏ320 విమానాలు (180 సీట్లు), ఒక చిన్న ఏటీఆర్ 72 (78 సీట్లు). అన్నీ లీజువే. రూట్ పేజీలో ఒక్క గడి కూడా ఎర్రగా లేదు, అయినా డబ్బు కరిగిపోతోంది. వివరాలు ఇవీ, ఫ్లైట్‌కు మిగులు రూట్ పేజీలో కనిపించేదే:

ఏ320 ఒకటి: ఢిల్లీ, రోజుకు 2 రానుపోను, ఫ్లైట్‌కు 4.1 లక్షలు.
ఏ320 రెండు: హైదరాబాద్ 2 రానుపోను (1.2 లక్షలు), వైజాగ్ 1 రానుపోను (2 లక్షలు).
ఏ320 మూడు: చెన్నై 3 రానుపోను (55 వేలు).
ఏటీఆర్: విజయవాడ 3 రానుపోను (90 వేలు).

లీజు వారానికి ఏ320కి 70 లక్షలు, ఏటీఆర్‌కి 28. జీతాలు, ఆఫీసు కలిపి 32. బ్యాంకు వాయిదా 22. ఆదివారం రాత్రికి చేతిలో 4.8 కోట్లు ఉన్నాయి. దుబాయ్‌కి రాత్రి ఫ్లైట్ వేద్దామని ఉంది. దానికి ఇంకో ఏ320 తీసుకోమంటారా? డిపాజిట్ నాలుగు వారాల అద్దె అడుగుతోంది.

లీజు_లెక్కలు

తీసుకోవద్దు. ఎందుకో చెప్పేముందు అసలు రోగం ఎక్కడుందో చూడండి.

రూట్ పేజీ ఇంధనం, ల్యాండింగ్, గ్రౌండ్ హ్యాండ్లింగ్, సిబ్బంది భత్యాలు తీసేసి చూపిస్తుంది. లీజు అందులో ఉండదు. షాపు అద్దె లెక్కలో వేయకుండా ఇడ్లీ మీద లాభం చూసుకున్నట్టే. కాబట్టి రూట్ వారీగా చూడటం మానేసి విమానం వారీగా వేయండి, వారానికి, లక్షల్లో:

ఢిల్లీ విమానం: 28 ఫ్లైట్లు, 114.8 వస్తుంది, లీజు పోను 44.8 మిగులు.
రెండోది: 33.6, 28 కలిపి 61.6. లీజు పోను 8.4 నష్టం.
చెన్నై విమానం: 42 ఫ్లైట్లకు 23.1. లీజు పోను 46.9 నష్టం.
ఏటీఆర్: 37.8 వస్తుంది, 9.8 మిగులు.

నాలుగూ కలిపితే దాదాపు సున్నా, కచ్చితంగా 0.7 నష్టం. దాని మీద జీతాలు, వాయిదా 54. అదే మీ 55 లక్షలు. ఢిల్లీ సంపాదించిందంతా చెన్నై తినేస్తోంది.

చెన్నై ఎందుకంత తక్కువంటే దూరం 270 కిలోమీటర్లే. బ్లాక్ టైమ్ (గేటు వదిలి గేటు చేరేదాకా పట్టే సమయం) గంటా ఐదు నిమిషాల్లో సగం నేల మీద నడవడానికి, పైకి లేవడానికి, కిందికి దిగడానికే పోతుంది. ల్యాండింగ్, హ్యాండ్లింగ్ ఖర్చు మాత్రం ఢిల్లీకి పడినట్టే పడుతుంది. అసలు ఊళ్లో సిల్క్ బోర్డ్ నుంచి దేవనహళ్లి ఎయిర్‌పోర్టు చేరేలోపు చెన్నై వెళ్లే వందే భారత్ రైలు జోలార్‌పేట దాటేస్తుంది, ఆ రూట్‌లో ఛార్జీ పెంచే వీలే లేదు.

ఇక డిపాజిట్ సంగతి. లీజు, జీతాలు, వాయిదా అన్నీ సోమవారం ఉదయమే కోసుకుంటారు, టికెట్ డబ్బు విమానం దిగాకే జమ అవుతుంది. మీ సోమవారం బిల్లు 238, 32, 22 కలిపి 292 లక్షలు. డిపాజిట్‌కి 280 కడితే చేతిలో 200 మిగులుతాయి. ఒక్క ఫ్లైట్ ఎగరకముందే, సోమవారమే ఖాతా మైనస్‌లోకి పోతుంది. లాభనష్టాల పేజీ ఈ విషయం చెప్పదు.

రొటేషన్_రాజా

పైన లెక్కంతా ఒప్పుకుంటాను. దుబాయ్ ఆలోచన మాత్రం మంచిదే, కొత్త విమానం అక్కర్లేదు. చెన్నై తిరిగే ఏ320 రోజుకు ఆరున్నర గంటలే గాల్లో ఉంటోంది. గంటకు లీజు 1.54 లక్షలు పడుతోంది. దాన్ని ఇలా తిప్పండి, అన్నీ స్థానిక సమయాలు:

బెంగళూరు 21:30, దుబాయ్ 00:15.
దుబాయ్ 01:15, బెంగళూరు 06:35.
బెంగళూరు 07:30, హైదరాబాద్ 08:50. తిరుగు 09:30, 10:50.
బెంగళూరు 15:30, వైజాగ్ 17:15. తిరుగు 17:55, 19:40.

మొత్తం 14 గంటల 15 నిమిషాలు. గంటకు లీజు 70 వేలకు దిగుతుంది. మెయింటెనెన్స్ కోసం బేస్‌లో కనీసం 4 గంటల ఏకధాటి ఖాళీ ఉండాలి కదా, అందరూ దాన్ని రాత్రి పెడతారు. రాత్రి గల్ఫ్‌కి పంపే విమానానికి మధ్యాహ్నం పెట్టాలి. 11 నుంచి 3 దాకా డిమాండ్ ఎలాగూ పల్చగానే ఉంటుంది.

చెన్నైని పూర్తిగా వదలకండి, ఏటీఆర్‌కి ఇవ్వండి. 05:30కి బయల్దేరి 06:40కి చెన్నై, 07:05 నుంచి 08:15కి వెనక్కి. తర్వాత 08:40 నుంచి విజయవాడ మూడు ట్రిప్పులు, 25 నిమిషాల టర్నరౌండ్‌తో (దిగి మళ్లీ లేచేలోపు ఆగే సమయం) చివరిది 19:45కి దిగుతుంది. ఈ టైమింగ్ ఊరికే పెట్టలేదు. వైజాగ్ 19:40కి, విజయవాడ 19:45కి వస్తే ఆ ప్రయాణికులు 21:30 దుబాయ్ అందుకుంటారు. పొద్దున 06:35కి దిగినవాళ్లకు 08:40 విజయవాడ ఉంది. ఆంధ్రా నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు, బెంగళూరు లోకల్ జనం మీదే ఆధారపడితే మొదటి నెల సీట్లు నిండవు.

హైదరాబాద్, వైజాగ్ అదనపు ఫ్లైట్లు రెండో ఏ320 టైమింగ్‌లకు రెండు గంటలైనా ఎడంగా ఉండాలి. లేకపోతే మీ సీట్లతో మీరే పోటీ పడతారు.

స్థిరపడ్డాక దుబాయ్ ఫ్లైట్‌కు 4 లక్షలు, హైదరాబాద్ 90 వేలు, వైజాగ్ 1.5 లక్షలు అనుకున్నా ఆ విమానం వారానికి 89.6 తెస్తుంది. 46.9 నష్టం కాస్తా 19.6 మిగులు అవుతుంది.

తాంబరం_టర్నరౌండ్

రాజా గారి రొటేషన్ బాగుంది, కానీ రెండు చోట్ల తేడా కొడుతుంది.

మొదటిది, 06:35కీ 07:30కీ మధ్య 55 నిమిషాలే. దుబాయ్‌లో అరగంట ఆలస్యమైతే పొద్దున హైదరాబాద్ కూడా లేటే, ఆఫీసు జనం ఎక్కే ఫ్లైట్‌కి రేటింగ్ పడిపోతే మళ్లీ లేపడం కష్టం. హైదరాబాద్‌ని 07:50కి జరపండి, తిరిగి 11:10కి వస్తుంది. అప్పటికీ 4 గంటల 20 నిమిషాలు మెయింటెనెన్స్‌కి దొరుకుతాయి. సాయంత్రం వైపు గంటా యాభై నిమిషాల ఖాళీ ఉంది, దాని జోలికి పోవద్దు. అక్కడ ఇంకో చెన్నై ఇరికిద్దామనిపిస్తుంది, ఇరికించకండి.

రెండోది, స్థిరపడ్డాక వచ్చే 89.6 సరే, స్థిరపడేలోపు సంగతేంటి? కొత్త అంతర్జాతీయ రూట్‌లో మొదటి మూడు వారాలు లోడ్ (నిండే సీట్లు) 40, 45 శాతం దగ్గరే ఆడుతుంది. ఫ్లైట్‌కు లక్షన్నర పోయిందనుకుంటే వారానికి 21. హైదరాబాద్, వైజాగ్ తెచ్చే 33.6లో అది పోగా మిగిలేది 12.6, అంటే ఇప్పటి చెన్నై కంటే పది లక్షలు తక్కువే. వారానికొచ్చే కోత 55 నుంచి 65కి పెరిగినట్టు. ఆదివారం బ్యాలెన్స్‌లు లక్షల్లో చూడండి: 480, 415, 350, 285. నాలుగో సోమవారం బిల్లు 292. ఏడు లక్షలు తక్కువ. రూట్ నిలదొక్కుకునే వారమే చెక్కు వెనక్కి వస్తుంది.

అందుకని ఇప్పుడే, చేతిలో 4.8 కోట్లు కనిపిస్తుండగానే, కోటిన్నర అప్పు తీసుకోండి. బ్యాలెన్స్ 3 కోట్ల కిందకి పోయాక అడిగితే వడ్డీ రేటు చూసి కళ్లు తిరుగుతాయి. వారం వాయిదా మూడు నాలుగు లక్షలు పెరుగుతుంది, ఫరవాలేదు. అప్పు ఇష్టం లేకపోతే దుబాయ్ వారానికి నాలుగు రోజులతో మొదలుపెట్టండి, నష్టం 12కి తగ్గుతుంది. అయితే రోజూ లేని ఫ్లైట్‌కి కనెక్షన్ జనం సరిగా రారు. నా ఓటు అప్పుకే.

ఇంకొకటి, మీ ఏ320ల్లో దేనికి సీ చెక్ (విమానాన్ని ఆపేసి చేసే పెద్ద తనిఖీ) ఎప్పుడు పడుతుందో మెయింటెనెన్స్ ట్యాబ్‌లో చూశారా? ఈ నాలుగు వారాల్లో పడితే పై అంకెలన్నీ తలకిందులే.

గేమ్ సెట్టింగుల్లో దేశ నిబంధనలు ఆన్‌లో ఉన్నాయేమో కూడా చూడండి. నిజంలో అయితే మన 2016 పౌర విమానయాన విధానం ప్రకారం 20 విమానాలు గానీ మొత్తం సామర్థ్యంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత దేశంలో నడిపితేనే విదేశీ రూట్లు ఇస్తారు. నాలుగు విమానాలతో దుబాయ్ కుదరదు.

మారతహళ్లి_ఎయిర్

చాలా థ్యాంక్సండీ. నిబంధనలు ఆఫ్‌లోనే ఉన్నాయి. సీ చెక్ ఢిల్లీ విమానానికి 11 వారాల తర్వాత. ఒక్క సందేహం: చెన్నై స్లాట్లు (దిగడానికి, లేవడానికి కేటాయించిన సమయాలు) ఆరు జతలున్నాయి, ఏటీఆర్‌తో రోజుకు ఒక్క ట్రిప్పే కదా. మిగతావి అట్టే పెట్టుకోనా?

లీజు_లెక్కలు

ఇచ్చేయండి. బయట ఉన్న 80 శాతం వాడకం నియమమే ఇక్కడా ఉంది. వాడని స్లాట్లు సీజన్ చివర ఎలాగూ పోతాయి, అప్పటిదాకా ఫీజు మీ ఖాతాలోనే పడుతుంది. ఇచ్చేముందు ఒక్కటి చూసుకోండి: ఏటీఆర్ చెన్నైలో దిగేది 06:40కి, మళ్లీ లేచేది 07:05కి. ఆ సమయాలకు దగ్గరి జత మీ ఆరింట్లో ఉంటే దాన్నే జరిపించుకోండి, లేకపోతే ముందు కొత్తది దొరికాకే పాతవి వదలండి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది స్లాట్లు ఒకసారి చేజారితే మళ్లీ దొరకవు. బెంగళూరులో 21:30 స్లాట్ కూడా ఇవాళే బుక్ చేసేయండి, దుబాయ్ స్లాట్ ఆ తర్వాత.