లైట్ టవర్ మాస్ట్ సగంల ఆగిపోతుంది, లిమిట్ స్విచ్చేనా? డైరెక్ట్ చేసి నడపొచ్చా?

బల్లార్షా_వైర్‌మన్:
అన్నలూ నమస్తే. రాజురా దిక్కు ఓపెన్‌కాస్ట్ గనిల మట్టి తీసే కాంట్రాక్టర్ దగ్గర ఎలక్ట్రికల్ పని చేస్త. ఇంట్ల తెలుగే గాని సైట్ మీద అంతా హిందీ, మరాఠీ. అందుకే మనోళ్లను తెలుగుల అడుగుదామని ఇక్కడ పెడుతున్న.

టవర్ ట్రాలీ మీదది, డీజిల్ జనరేటర్, 9 మీటర్ల మాస్ట్ (స్తంభం), పైన నాలుగు ఎల్‌ఈడీలు. మాస్ట్ పడుకోబెట్టి గుంజుకపోయే టైపు, ఒక వించ్ (రోప్ చుట్టే మోటర్ డ్రమ్ము) మాస్ట్‌ను లేపి నిలబెడ్తది, రెండో వించ్ లోపలి సెక్షన్లను పైకి గుంజుతది, రెండూ 12 వోల్టుల బ్యాటరీ మీదనే. నిలబెట్టేదాంక ఏ ఇబ్బంది లేదు. తర్వాత పైకి బటన్ నొక్కితే కొంచెం ఎక్కి టక్కున ఆగుతది, బటన్ అట్లనే నొక్కిపట్టినా కాంటాక్టర్ (మోటర్‌కు కరెంట్ కలిపే పెద్ద రిలే) పట్టదు. కిందికి మాత్రం ఎప్పుడు నొక్కినా దిగుతది. కాసేపు ఆగి చూస్తే ఒక్కోసారి మళ్ల ఎక్కుతది, గాలి గట్టిగ కొట్టిన రోజు ఇంకా ఎక్కువ సతాయిస్తది.

ప్యానెల్ తెరిచి చూసిన. పై లిమిట్‌కు (సెక్షన్ మీది దాంక పోతే వించ్‌ను ఆపే స్విచ్) పోయే రెండు వైర్లను ఇదివరకు ఎవరో మిస్త్రీ స్విచ్ లేకుండ కలిపి, అంటే డైరెక్ట్ చేసి, టేప్ చుట్టినట్టు గుర్తులున్నయి, తర్వాత మళ్ల విప్పి స్విచ్‌కే ఇచ్చిన్రు. సూపర్‌వైజర్ సాహెబ్ ఏమో "ఈ రాత్రికి డైరెక్ట్ చేసెయ్, స్విచ్ వచ్చినంక చూద్దాం" అంటుండు. ఆయన బాధ కూడా అర్థమైతది, డంపింగ్ యార్డుల వెలుతురు లేకుంటే వెనక్కి వచ్చే డంపర్ డ్రైవర్‌కు అంచు కనపడది. ఏం చేయమంటరు?

కాగజ్‌నగర్_ఆటో_ఎలక్ట్రికల్:
భయ్యా ముందుగాల బ్యాటరీ చూడు. కిందికి దిగేటప్పుడు మాస్ట్ బరువే సాయం చేస్తది, పైకి గుంజేటప్పుడే వించ్ మోటర్ కరెంట్ బాగా లాగుతది, బ్యాటరీ బలం లేకుంటే వోల్టేజ్ పడిపోయి కాంటాక్టర్ కాయిల్ పట్టు వదిలేస్తది. పైకి బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ కొనల మీద మీటర్ పెట్టి ఎంత దాంక పడుతుందో చూడు. బ్యాటరీ వైర్ల కొనలకుండే లగ్గులు వదులైనా, లోపల తెల్లగ పట్టినా అంతే అయితది.

బొగ్గుబాయి_మెకానిక్ (గోదావరిఖని):
తమ్మి, డైరెక్ట్ చేయకు. సాహెబ్ ఎంత చెప్పినా చేయకు.

వించ్ మోటర్‌కు సెక్షన్ ఎంత దూరం పోయిందో తెల్వదు. ఆ లిమిట్ స్విచ్ ఒక్కటే దానికి ఆపుమని చెప్పేది. అది లేకుంటే సెక్షన్ స్టాపర్‌కు తగిలినంక కూడా మోటర్ గుంజుతనే ఉంటది, ఆ బలమంతా వైర్ రోప్ మీద పడుతది, రోప్ తెగుతది, లేకుంటే క్లాంప్ జారుతది. అప్పుడు పైన ఉన్న సెక్షన్లు, లైట్లు అన్నీ ఒక్కసారే కిందికి వస్తయి, బటన్ నొక్కే మనిషి నిలబడేది సరిగ్గ అక్కడనే. డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర శాఖ) తనిఖీల సేఫ్టీ స్విచ్ బైపాస్ చేసి దొరికితే అది వేరే కథ. ఈ రాత్రికి డంపింగ్‌ను వెలుతురున్న వేరే జాగకు మార్చుమని సాహెబ్‌ను అడుగు, లేకుంటే ఇంకో టవర్ తెప్పించుమను.

ఇగ ఫాల్ట్ ముచ్చట. బ్యాటరీ అనుమానం తప్పు కాదు గాని, బ్యాటరీ అయితే గాలికి ఎక్కువ, తక్కువ కాదు కదా. ఊహించుకుంట కూర్చోకు, మీటరే చెప్తది. పై లిమిట్ మామూలుగ ఎన్‌సీ కాంటాక్ట్ (నొక్కనప్పుడు కలిసి ఉండి, నొక్కితే విడిపోయేది), పైకి బటన్‌కు, కాంటాక్టర్ కాయిల్‌కు నడుమ సిరీస్‌ల ఉంటది. వైర్ తెగినా వించ్ ఆగాలె అనే అట్ల పెడ్తరు. అంటే నీ మిషన్ ఆగుడు మంచిదే, దాని పని అది చేస్తుంది.

ప్యానెల్‌ల ఆ లిమిట్ వైర్లు రెండు కూర్చునే టెర్మినళ్ల మీద డీసీ వోల్టుల మీటర్ పెట్టు. ఇంకొకరిని పక్కకు నిలబెట్టి బటన్ నొక్కిపట్టుమను. మాస్ట్ ఆగినప్పుడు అక్కడ బ్యాటరీ వోల్టేజ్ మొత్తం కనపడితే లిమిట్ లైన్ ఓపెన్ అయినట్టు, స్విచ్ గాని దాని వైర్ గాని. సున్నా చూపిస్తే లిమిట్ లైన్ బాగనే ఉండొచ్చు, అప్పుడు బటన్ దిక్కు నుంచి సప్లయ్ వస్తుందా, కాయిల్ దిక్కు లైన్ ఉందా చూసుకోవాలె, కాగజ్‌నగర్ అన్న చెప్పిన బ్యాటరీ సంగతి కూడా అప్పుడే.

ఓపెన్ అని తేలితే సెక్షన్లన్నీ పూర్తిగ కిందికి దించు, మాస్ట్ మాత్రం నిలబెట్టే ఉంచు, పిన్ పెట్టిందో లేదో చూసుకో, బ్యాటరీ నెగెటివ్ తీసెయ్. ఆ రెండు వైర్లు టెర్మినల్ నుంచి విప్పి మీటర్ బజర్ (లైన్ కలిసుంటే మోగేది) మీద పెట్టి, ఒకరు కేబుల్‌ను మడత బందు (మాస్ట్ మడిచే కీలు) కాడ, క్లిప్పుల కాడ, గ్లాండ్ (కేబుల్ లోపలికి పోయే మూతి) కాడ మెల్లగ వంచుకుంట రావాలె. బజర్ యాడ తెగుతదో ఫాల్ట్ ఆడనే. ఆ టైపు టవర్లల్ల నాకు ముందు అనుమానం మడత బందు మీదనే, రోజూ పడుకోబెట్టుడు, లేపుడు, కేబుల్ అదే చోట వంగుతది, పైగ చంద్రపూర్ దిక్కు ఎండాకాలం 45 దాటుతది, పీవీసీ కట్టెలెక్క గట్టిపడుతది.

కేబుల్ బాగుంటే స్విచ్ మూత తీయి. రోలర్ నొక్కితే టిక్కుమన్నంత మాత్రాన స్విచ్ మంచిదని కాదు, కాంటాక్ట్ వేరే, చప్పుడు వేరే. ఎక్కువ స్విచ్‌లల్ల టెర్మినల్ నంబర్లు 11-12 లేకుంటే 21-22 ఎన్‌సీ, 13-14 ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది), స్విచ్ మీద రాసుంటది చూడు. లోపల బొగ్గు దుమ్ము, నీళ్లు చేరినయా, రోలర్ చెయ్యి బిగించిన స్క్రూ ఆ రోడ్ల మీద అదిరి అదిరి వదులైందా అది కూడా చూడు.

వణి_క్రేన్_ఆపరేటర్:
ఒక్క మాట ఎవరూ అనలేదు. ఇదివరకు ఎవరో డైరెక్ట్ చేసి నడిపిన్రు అంటున్నవు కదా, మరి అప్పుడు ఆ రోప్ ఎన్నిసార్లు స్టాపర్ మీద గుంజబడ్డదో ఎవరికి తెలుసు. స్విచ్ బాగైనా సరే రోప్ చూడకుండ మాస్ట్ ఎక్కియ్యకు తమ్ముడు. చివరల కట్టిన క్లాంపుల కాడ, కప్పీల మీద వంగే కాడ బాగా చూడు. ఒట్టి చేత్తోటి తడమకు, తెగిన పోగు అరచేతిల దిగుతది, మందం గ్లౌజు వేసుకొని పాత గుడ్డ చుట్టి జరుపుకుంట పో, పోగు లేసిన కాడ గుడ్డ పట్టుకుంటది. నలిగి చపాతీ అయినా, మెలి పడ్డా ఆ రోప్ పక్కకే. మాస్ట్ మొత్తం దిగినప్పుడు కూడా డ్రమ్ము మీద కనీసం మూడు చుట్లు మిగలాలె.

బల్లార్షా_వైర్‌మన్:
అన్నలకు చాలా థాంక్స్, చెప్పినట్టే చేసినం. బటన్ నొక్కితే బ్యాటరీ కాడ పెద్దగ పడుతలేదు. మాస్ట్ ఆగినప్పుడు లిమిట్ టెర్మినళ్ల మీద 12 పైనే చూపెట్టింది. బజర్ పెట్టి వంచితే కరెక్టుగ మడత బందు కాడ చప్పుడు పోవుడు, వచ్చుడు. పైన తొడుగు ఒక్క గీత కూడా లేదు, కోసి చూస్తే లోపల ఇంటి వైరింగ్‌ల వాడే ఒంటి తీగ వైరు, రాగి విరిగి రెండు కొనలు ఎదురెదురు ఉన్నయి, కదిలితే తగులుతున్నయి, మళ్ల విడిపోతున్నయి. స్విచ్ మాత్రం మంచిగుంది.

వణి అన్న మాట నిజమైంది. కింది క్లాంప్ కాడ రోప్ నలిగింది, నాలుగైదు పోగులు లేసి ఉన్నయి. సాహెబ్‌ను పిలిచి గుడ్డ ఆయన చేతికే ఇచ్చిన, అది పోగుకు తట్టుకున్నంక ఆయనే టవర్ ఆపుమన్నడు. డంపింగ్ వేరే బెంచికి (గనిల మెట్టు లెక్క ఉండే అంతస్తు) మార్చిన్రు. కొత్త రోప్ నాగపూర్ నుంచి రావాలె. వచ్చినంక స్విచ్ ఎట్ల సెట్ చేయాలె?

బొగ్గుబాయి_మెకానిక్ (గోదావరిఖని):
శభాష్ తమ్మి. వైరు మాత్రం రబ్బరు తొడుగుది, సన్న పోగులది వేయి, ప్యానెల్ నుంచి స్విచ్ దాంక నడుమ అతుకు లేకుండ. మడత బందు కాడ వదులుగ ఒక లూప్ ఇయ్యి, వంగే చోట కేబుల్ టై బిగించకు. గ్లాండ్ మూతి కిందికి చూడాలె, వాన నీళ్లు లోపలికి పోవు.

సెట్టింగ్ ఇట్ల. మొదలు సెక్షన్ ఇంక కిందనే ఉన్నప్పుడు పైకి బటన్ నొక్కిపిచ్చి నువ్వు పక్క నుంచి పొడుగు కట్టెతోటి రోలర్ నొక్కు, వించ్ అప్పటికప్పుడు ఆగాలె. ఒక వైరు విప్పి కూడా చూడు, అప్పుడు అసలు కదలొద్దు. ఈ రెండూ సరిగ్గ అయినంకనే పైకి పంపు, అదీ బటన్ నొక్కుకుంట వదులుకుంట కొంచెం కొంచెంగ. స్టాపర్‌కు తగలకముందే స్విచ్ కొట్టాలె, ఆగినప్పుడు రోప్ తంతి తీగ లెక్క బిగుసుకపోయి ఉండొద్దు. ఆగిన కాడ సెక్షన్ మీద పెయింట్ గీత పెట్టు, రేపు రోలర్ జరిగితే నైట్ షిఫ్టోళ్లకు కూడా దూరం నుంచే తెలుస్తది.

వణి_క్రేన్_ఆపరేటర్:
రోప్ పాతదాని మందం, పాతదాని అల్లిక చూసుకొనే తీసుకో తమ్ముడు, లావుది తెస్తే కప్పీల గాడిల కూర్చోదు. యూ క్లాంపులు వేసేటప్పుడు జీను భాగం బరువు మోసే రోప్ మీద, యూ బోల్టు మిగిలిన తోక మీద రావాలె, అన్ని క్లాంపులు ఒక్క తీరే, ఒకటి అటు ఒకటి ఇటు వేయొద్దు. మొదటిసారి బరువు పడ్డంక రోప్ కొంచెం సన్నబడుతది, నట్లు మళ్లొకసారి బిగియ్యి.