ఒకే వాక్యంలో సెమికోలన్‌కు రెండు పనులు పడితే ఎట్ల?

నల్లగొండ డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ నోట్స్ తయారుచేస్తున్న. ఈ వాక్యం తెగుతలేదు:

“సాగర్ కెనాల్స్ సర్వ్ నల్గొండ, తెలంగాణ; ఖమ్మం, తెలంగాణ; అండ్ గుంటూరు, ఆంధ్రప్రదేశ్; హౌఎవర్, టెయిల్‌ఎండ్ ఫార్మ్స్ గెట్ వాటర్ లేట్.”

మొదటి రెండు సెమికోలన్లతో పేచీ లేదు. ఊరికీ రాష్ట్రానికీ నడుమ కామా ఉంది, కామాతోనే విడగొడితే మూడు చోట్లు అయిదో ఆరో అయితయి. మూడోది రెండు పూర్తి వాక్యాలను కలుపుతుంది. చదివేటోళ్లు మాత్రం ‘హౌఎవర్’ నాలుగో ఊరేమో అన్నట్టు పోతున్నరు!

అక్కడ కామా పెడితే కామా స్ప్లైస్, అంటే రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతికే తప్పు. ‘హౌఎవర్’ తీసేసి కామా, ‘బట్’ పెట్టి చూసిన. జాబితాలో పెద్ద గుర్తు, వాక్యాల నడుమ చిన్న గుర్తు, తలకిందులైంది. ఫుల్‌స్టాప్‌తో తేలిపోతది గానీ, ఈ అభ్యాసంలో ఒక్క వాక్యమే ఉండాలె.

జాబితాను కదిలించకుండా మూడో చోట ఏ గుర్తు పెట్టాలె?