సిన్సినాటి జూలో దీపాల వేడుక: పెద్దవాళ్ళను తీసుకువెళ్ళవచ్చా?

గుంటూరు_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మా నాన్నా అక్టోబరులో గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చారు. అమెరికాలోని సిన్సినాటి నగరపు జూలో నవంబరు మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా జరిగే ఫెస్టివల్ ఆఫ్ లైట్స్‌కు వారినీ, నాలుగేళ్ళ మా బాబునూ తీసుకువెళ్ళాలని ఉంది. అయితే అమ్మకు మోకాళ్ళ నొప్పులు. పైగా ఫొటోలు చూపించగానే "అన్ని లైట్లు వేస్తే ఆ నోరులేని జీవాలకు నిద్ర ఎలా పడుతుందే?" అని అడిగారు. ఏమి చెప్పాలో నాకు తోచలేదు. బాబు మాత్రం ఫియోనా అనే హిప్పోను చూడాల్సిందేనని పట్టుబట్టాడు. వెళ్ళివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

ఒహాయో_పాతకాపు:
తప్పకుండా వెళ్ళండి, కానీ దీపాల కోసం వెళ్ళండి. జంతువుల కోసమైతే వేసవిలో పగటిపూట వెళ్ళాలి. 1982లో మొదలైన ఈ వేడుకలో ఇటీవల 50 లక్షలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు వెలిగిస్తున్నారు. డిసెంబరులో ఇక్కడ అయిదుంబావుకే పొద్దుగూకుతుంది కాబట్టి, వెలుగుండగానే లోపలికి చేరితే దీపాలు వెలిగే ఆ కాసేపూ కళ్ళారా చూడవచ్చు. ఫియోనా 2017 జనవరిలో, నెలలు నిండకుండానే సుమారు 13 కిలోల బరువుతో పుట్టి బతికి బట్టకట్టింది. అందుకే పిల్లలకు అంత ముద్దు. చలికాలం సాయంత్రం అది బయట కనిపిస్తుందని మాత్రం బాబుకు మాట ఇవ్వకండి.

జూ అంతా ఎత్తుపల్లాలే. అమ్మగారు నడవగలనని అన్నా వీల్‌చైర్ తీసుకోండి. మా అత్తగారు మొదటి గంటా హుషారుగానే నడిచారు. తరువాత సరస్సు దగ్గర బల్ల మీద కూర్చుని, మంకీ క్యాప్ కిందికి లాక్కుని, ఇక లేవనన్నారు. చెప్పుల్లో మేజోళ్ళు వేసుకొచ్చారు మరి, పాదాలు కొయ్యబారిపోయాయి.

రాత్రి_పిట్ట:
మీ అమ్మగారి ప్రశ్న తేలికగా కొట్టిపారేయదగినది కాదు. చీకటి పడ్డాక శరీరంలో ఊరి, రాత్రయిందని దానికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోనును వెలుతురు, ముఖ్యంగా నీలి ఛాయ ఉన్న తెల్లని వెలుతురు, తగ్గిస్తుంది. ఇది మనుషులకే కాదు, చాలా జంతువులకూ వర్తిస్తుంది. అయితే జిరాఫీల వంటి ఉష్ణదేశపు జంతువులను చలి రాత్రులలో ఎలాగూ వెచ్చని కొట్టాల్లోకి తోలి తలుపులు వేస్తారు కనుక, దారి పక్క చెట్లకు చుట్టిన దీపాలు వాటి కంటపడవు. నేను గమనించేది, చలిని ఇష్టపడి బయటే తిరిగే రెడ్ పాండా వంటివాటి ఆవరణల దగ్గర వెలుతురు ఎంత ఉంది, పాటలు ఎంత గట్టిగా పెట్టారు అన్న రెండే విషయాలు. హైదరాబాదు నెహ్రూ జూలో నిశాచర జంతువుల శాల చూసి ఉంటే అమ్మగారికి చెప్పడం సులువు: అక్కడ రాత్రిని పగలుగా, పగలును రాత్రిగా మార్చి, మనం వెళ్ళే వేళకు జంతువులు మేలుకుని ఉండేలా చేస్తారు. వెలుతురు వాటి దినచర్యను అంతగా శాసిస్తుంది.

కరెంటు సంగతీ చెబుతాను. పాత చిన్న బల్బు సుమారు 0.4 వాట్లు తీసుకునేది, ఎల్‌ఈడీకి 0.07 చాలు. ఆ లెక్కన 50 లక్షల దీపాలకు 2,000 కిలోవాట్లు కావలసిన చోట 350తో సరిపోతుంది. 2011లో ఆ జూ పార్కింగు మీద పందిరిలా 6,400 సౌరఫలకాలు వేశారు. మీరు కారు నిలిపేది బహుశా దాని కిందే.

శనివారం_వద్దు:
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను, కానీ శని, ఆదివారాల్లో వెళ్ళకండి. మేము క్రిస్మస్‌కు ముందు శనివారం వెళ్ళి, దీపాలకన్నా ముందువాళ్ళ వీపులే ఎక్కువ చూశాము. హాట్ చాక్లెట్ వరుసలో నిలబడే ఓపిక లేకపోతే ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళండి; బయటి తినుబండారాల నియమం మాత్రం ముందుగా చూసుకోండి.

గుంటూరు_అమ్మాయి:
అందరికీ ధన్యవాదాలు. మంగళవారానికి టికెట్లు తీసుకున్నాము. కొట్టాల సంగతి చెబితే అమ్మ కొంత కుదుటపడ్డారు, కానీ రెడ్ పాండా దగ్గర లైట్లు ఎలా ఉన్నాయో తానే చూస్తారట. వీల్‌చైర్‌కు ఒప్పుకోలేదు, నాన్న కోసమని చెప్పి తీసుకుంటాను. ఈ రోజు బూట్లు కొనడానికి వెళ్తున్నాము.