చర్చ: ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను దేశీ పబ్‌కి భోజనానికి తీసుకెళ్ళవచ్చా?

తణుకు_టు_బ్రామ్‌విచ్:
వచ్చే నెల అమ్మ, నాన్న తణుకు నుంచి మొదటిసారి మా దగ్గరికి వస్తున్నారు. మేం ఉండేది బర్మింగ్‌హామ్ పక్కన వెస్ట్ బ్రామ్‌విచ్‌లో. వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళను దగ్గర్లోని ఒక దేశీ పబ్‌కి భోజనానికి తీసుకెళ్దామని నేను, వద్దని మా ఆవిడ. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. "అత్తయ్యగారిని పబ్‌లో కూర్చోబెట్టారంటే రేపు ఊళ్ళో నన్నే అంటారు" అని తన బాధ.

ఈ వైపు లేనివాళ్ళ కోసం చెప్తున్నాను. దేశీ పబ్ అంటే పాత ఇంగ్లిష్ పబ్బే, నడిపేది ఎక్కువగా పంజాబీ కుటుంబాలు. మెనూలో ఫిష్ అండ్ చిప్స్ ఉంటుంది, మిక్స్‌డ్ గ్రిల్ కూడా ఉంటుంది. చికెన్ టిక్కా, సీక్ కబాబ్, లాంబ్ చాప్స్, వింగ్స్ అన్నీ ఉల్లిపాయల మీద పేర్చి, సుర్రుమనే ఇనప పళ్ళెంలో తెచ్చి పెడతారు. పక్కన నాన్. ఒక టేబుల్ మీద తెల్ల ముసలాయన మాంసం కూరిన పేస్ట్రీ (పై) తింటుంటే, పక్క టేబుల్ మీద సర్దార్జీ కుటుంబం మూడు తరాలతో కూర్చుని ఉంటుంది.

నాకు తిండి ఒక్కటే కారణం కాదు. 1960లలో పక్కనే ఉన్న స్మెథిక్‌లో ఫౌండ్రీల్లో (లోహం పోత పోసే కర్మాగారాల్లో) పనిచేసే పంజాబీలను చాలా పబ్బుల్లో మంచి గదిలోకి రానిచ్చేవారు కాదు. దాన్ని కలర్ బార్, అంటే రంగు చూసి పెట్టే నిషేధం, అనేవారు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చినప్పుడు, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు అవతార్ సింగ్ జౌల్ ఆయన్ను బ్లూ గేట్స్ అనే పబ్‌కి తీసుకెళ్ళారు. అక్కడి మంచి గదిలో ఆయనకూ ఏమీ ఇవ్వం అన్నారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆయన్ను కాల్చి చంపారు. ఆ ఏడాది చివర్లోనే రేస్ రిలేషన్స్ చట్టం వచ్చి, పబ్బుల్లో, హోటళ్ళలో రంగు చూసి వెళ్ళగొట్టడం చట్టవిరుద్ధమైంది. అలా గెంటేసిన ఊళ్ళలోనే ఇవాళ మనవాళ్ళు పబ్ యజమానులు. మా నాన్న ముప్పై ఏళ్ళు చక్కెర మిల్లులో షిఫ్టులు చేసిన మనిషి. ఈ కథ ఆయనకు మ్యూజియంలో కాకుండా, ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాలని నా కోరిక. తప్పా?

గోదారి_గట్టు:
తమ్ముడూ, కథ బాగుంది. కానీ అది నీ కోరిక, వాళ్ళది కాదు. పదకొండు గంటలు విమానంలో కూర్చుని వచ్చిన అమ్మకి మొదటి ఆదివారం కావాల్సింది వేడి అన్నం, చారు. పబ్ గుమ్మం దాటగానే కార్పెట్‌లోంచి వచ్చే ఆ పాత బీరు వాసన నాకే ఇప్పటికీ పడదు.

నా అనుభవం చెప్తాను. మా అత్తగారు శనివారం నీసు ముట్టరు. ఇక్కడ ఒక పబ్‌లో (పేరు అనవసరం) ఆవిడకు చిప్స్ చెప్పాం. సగం తిన్నాక తెలిసింది, అవి ఎద్దు కొవ్వులో వేయించినవని. ఎవరూ దాచలేదు, మేం అడగలేదు, అంతే. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి తలస్నానం చేసి, ఆ రాత్రి ఏమీ తినలేదు. ఉన్న నెల రోజుల్లో మళ్ళీ మాతో బయట తినడానికి రాలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది. అందుకే వద్దంటున్నాను.

సిద్దిపేట_శీను:
అన్నా, చిప్స్ సంగతి ఒప్పుకుంటా. కానీ "పబ్ అంటే పెద్దవాళ్ళకు తగదు" అనే మాట దగ్గర నాకు అభ్యంతరం. మనం హైదరాబాద్ పబ్‌ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాం. జూబ్లీహిల్స్‌లో పబ్ అంటే చీకటి, డీజే, గుమ్మం దగ్గర బౌన్సర్లు. ఇక్కడ ఆ మాట పబ్లిక్ హౌస్ నుంచి వచ్చింది, అందరి ఇల్లు అని. పెద్దవాళ్ళు వెంట ఉంటే పిల్లలు కూడా వచ్చి తింటారు.

ఇంకో మాట. మా తెలంగాణలో కల్లు దగ్గర కూర్చోవడం ఎప్పుడూ చాటు వ్యవహారం కాదు. మా నాయనమ్మ ఈతవనంలో అందరితో కూర్చుని తాగింది, గుడాలు తిన్నది, నన్ను ఒళ్ళో పెట్టుకుని. పండుగైతే ఇంటికే వచ్చేది కల్లు. పరువు పోతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఒక్క జిల్లా అలవాటును తెలుగువాళ్ళందరి సంప్రదాయం చేయొద్దు.

హ్యాండ్స్‌వర్త్_అక్క:
నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా పదహారేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. దేశీ పబ్బులకు చాలాసార్లు వెళ్ళాను, మా వార్డు వాళ్ళ వీడ్కోలు భోజనాలు సగం అక్కడే. ఫిష్ పకోడా కోసం ఇప్పటికీ వెళ్తాను. అయినా ప్రశ్న వేసిన తమ్ముడికి ఒకటి చెప్పాలి. మీరు చెప్పిన చరిత్రలో ఆడవాళ్ళు ఎక్కడున్నారు?

ఫౌండ్రీ నుంచి వచ్చిన మగవాళ్ళు పబ్‌లో హక్కు గెలుచుకున్నారు, నిజమే, గొప్ప పోరాటం. అదే సాయంత్రం వాళ్ళ భార్యలు ఇంట్లో రొట్టెలు చేస్తూ ఉన్నారు. నాతో పనిచేసిన ఒక పంజాబీ పెద్దావిడ చెప్పేది, భర్త రోజూ వెళ్ళే పబ్ లోపల ఎలా ఉంటుందో ఆవిడ యాభై దాటాక చూసిందట, అదీ కోడలు తీసుకెళ్తే. వంట, కుటుంబాలు లోపలికి వచ్చాకే ఆ గదులు ఆడవాళ్ళవి కూడా అయ్యాయి. అందుకే మీ అమ్మగారు రావడం మంచిదనే నేనంటాను. కానీ మీరు నాన్నగారి గురించి నాలుగు వాక్యాలు రాశారు, అమ్మగారికి ఏం చూపించాలనుకున్నారో ఒక్క ముక్క రాయలేదు. మీ ఆవిడ కోపం అక్కడ ఉందేమో చూడండి.

తణుకు_టు_బ్రామ్‌విచ్:
అక్కా, ఈ మాట గుచ్చుకుంది. నిజమే, అమ్మ గురించి నేను ఆలోచించలేదు. సాయంత్రం మా ఆవిడకి మీ పోస్ట్ చదివి వినిపించాను. తను ఏమీ అనకుండా మళ్ళీ ఒకసారి చదవమంది.

లెస్టర్_లక్ష్మి:
శాకాహారం మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసింది రాస్తాను, నేను గుడ్డు కూడా తినను. బ్లాక్ కంట్రీ (మీ వెస్ట్ బ్రామ్‌విచ్ ఉన్న ప్రాంతం) వైపు, యార్క్‌షైర్ వైపు ఎద్దు కొవ్వులో చిప్స్ వేయించడం పాత అలవాటు. ఏ నూనె, చేపలూ చిప్సూ ఒకే మూకుడులోనా అని కౌంటర్ దగ్గరే అడగాలి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. సండే రోస్ట్‌లో (ఆదివారం పెట్టే కాల్చిన మాంసం భోజనంలో) యార్క్‌షైర్ పుడ్డింగ్ అని ఒకటి వేస్తారు, పేరు చూసి తీపి అనుకోకండి, అందులో గుడ్డు ఉంటుంది. గ్రేవీ మామూలుగా మాంసం రసంతోనే చేస్తారు. దేశీ పబ్‌లో మాకు లాభం ఏమిటంటే, పనీర్ టిక్కా, దాల్, రైతా దొరుకుతాయి. మామూలు ఇంగ్లిష్ పబ్‌లో చాలాసార్లు జాకెట్ పొటాటో, అంటే తొక్కతో కాల్చిన బంగాళాదుంప, తిని లేచాను.

చాలాచోట్ల టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. మనమే బార్ దగ్గరికి వెళ్ళి, టేబుల్ నంబర్ చెప్పి, ముందే డబ్బు కట్టాలి. ఇది తెలియక మా నాన్నగారు అరగంట కూర్చుని, మనల్ని చూసి కావాలని పట్టించుకోవడం లేదని బాధపడ్డారు. మీ నాన్నగారికి ముందే చెప్పండి, ఆ కలర్ బార్ కథ చెప్పిన రోజైతే మరీ.

గోదారి_గట్టు:
లక్ష్మిగారూ, ఈ వివరం మాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. శీనూ, కల్లు సంగతి కాదనను. అయినా నా అసలు అనుమానం వేరు. అక్కడ దొరికేది మన తిండేనా? ఇండియన్ అని బోర్డు పెట్టి పంజాబీ వంట పెడతారు. పప్పు అంటే నల్లటి దాల్. గోంగూర లేదు, పులుసు లేదు. పైగా చికెన్ టిక్కా మసాలాని 2001లో రాబిన్ కుక్ అనే మంత్రి బ్రిటన్ జాతీయ వంటకం అన్నాడు. మరి అది ఎవరిది? అటు బ్రిటిష్ కాదు, ఇటు మనది కాదు. దాదాపు ఐదు వేల మైళ్ళు వచ్చిన మనిషికి ఇది పెట్టాలా?

సిద్దిపేట_శీను:
పెట్టాలి అన్నా. గోంగూర తణుకులో రోజూ దొరుకుతుంది. ఈ ఊరి తిండి ఈ ఊళ్ళోనే దొరుకుతుంది. ఇనప పళ్ళెంలో చాప్స్, పక్కన వెనిగర్ చల్లిన చిప్స్, ఈ రెండూ ఒకే బల్ల మీద కనిపించేది ఇక్కడే. ఫౌండ్రీ కార్మికుడి ఆకలి, ఇంగ్లిష్ పబ్ అలవాటు కలిసి పుట్టిన భోజనం అది. ఎవరిదీ కాదు అంటే నేను ఒప్పుకోను, అది స్మెథిక్‌ది, వెస్ట్ బ్రామ్‌విచ్‌ది. మష్షీ పీస్ ఒక చెంచా నోట్లో పెట్టుకుంటే, బాగా ఉడికిన బఠాణీ గుగ్గిళ్ళు మెదిపినట్టే ఉంటుంది. పెద్దవాళ్ళకు అంత కొత్తేమీ అనిపించదు.

హ్యాండ్స్‌వర్త్_అక్క:
శీను చెప్పింది నిజం. ఒక్కటి కలుపుతాను. మ్యాచ్ ఉన్న రోజు వెళ్ళకండి. ఫుట్‌బాల్ ఉంటే అరుపులకి పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు, మీ కథ ఎవరూ వినరు. మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి వెళ్తే ఖాళీగా ఉంటుంది. బార్ గదిలో కాకుండా భోజనాల వైపు కూర్చోండి. వెస్ట్ బ్రామ్‌విచ్‌లో రెడ్ లయన్‌లో రంగుటద్దాల కిటికీ ఒకటి ఉంది, ఇక్కడికి వలస వచ్చిన మనవాళ్ళ బతుకే ఆ అద్దాల మీది బొమ్మలు. అమ్మగారికి చూపించడానికి ఏదో ఒకటి కావాలి కదా.

గోదారి_గట్టు:
నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. మొదటి ఆదివారం మాత్రం వద్దు. ఇంట్లో అన్నం పెట్టండి, అలసట తీరనివ్వండి. రెండో వారమో మూడో వారమో వాళ్ళనే అడిగి, వస్తామంటే తీసుకెళ్ళు. అడగకుండా తీసుకెళ్ళడం మీదే నా గొడవంతా.

తణుకు_టు_బ్రామ్‌విచ్:
అన్నా, అదే చేశాం. నిన్న రాత్రి వీడియో కాల్‌లో మా ఆవిడే అమ్మని అడిగింది. పబ్ అని దాచలేదు, అందరూ తాగుతూ ఉంటారని కూడా చెప్పింది. అమ్మ కాసేపు ఆగి, "అక్కడ ఆడవాళ్ళు కూర్చుంటారా?" అని అడిగింది. కూర్చుంటారు అంది. "అయితే వస్తాను, కానీ శనివారం పెట్టుకోకండి" అంది. నాన్న వెనక నుంచి చాప్స్ అంటే ఏంటని అడుగుతున్నారు.

మూడో ఆదివారం పన్నెండున్నరకి, భోజనాల వైపు, నలుగురికి టేబుల్ చెప్పాను. చిప్స్ ఏ నూనెలో వేయిస్తారో ఫోన్‌లోనే అడిగేశాను. వెజిటబుల్ ఆయిల్ అట.